స్టాక్‌హోమ్ బేరం

2008 అక్టోబరు 7న స్టాక్‌హోమ్‌కు చెందిన ఒక చిన్న కంపెనీ ఆరు దేశాల్లో తన సేవ మొదలుపెట్టింది. స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, బ్రిటన్, ఫ్రాన్స్, స్పెయిన్. కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం వేసుకుంటే చాలు, లక్షల పాటల్లో కావలసింది వెతికి నొక్కితే ఆ క్షణమే వినిపిస్తుంది. పైసా కట్టక్కర్లేదు, మధ్యమధ్య వచ్చే ప్రకటనలు భరిస్తే సరి. ప్రకటనలు వద్దనుకున్నవాళ్లు నెలకు దాదాపు 10 యూరోలు కట్టాలి. అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కుప్పకూలి అప్పటికి మూడు వారాలైంది. ప్రకటనల డబ్బుతో పాటలు వినిపిస్తామనే వ్యాపారానికి అంతకన్నా చెడ్డ ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదు. అయినా ఆ కంపెనీ, అంటే స్పాటిఫై, నిలబడింది. నిలబడ్డమే కాదు, ప్రపంచం పాట వినే పద్ధతినే తన దారికి తెచ్చుకుంది. ఈ కథను ఇద్దరు తెలివైన కుర్రాళ్ల సాఫ్ట్‌వేర్ విజయంగా చెప్పడం అందరికీ అలవాటైపోయింది. ఆ కథనంలో పెద్ద లోటుంది. ఆ రోజు మొదలైనదాంట్లో సాంకేతికంగా పూర్తిగా కొత్తదంటూ దాదాపు ఏమీ లేదు. కొత్తగా ఉన్నది రికార్డు కంపెనీల సంతకం. అదీ పాటను డబ్బు తీసుకోకుండా వినిపించడానికి పెట్టిన సంతకం. ఆ సంతకం ముందుగా స్వీడన్‌లోనే ఎందుకు పడిందో తెలిస్తే, ఆ తర్వాత పదిహేనేళ్లలో ఈ వ్యాపారం వేసిన మలుపులు చాలావరకు అర్థమవుతాయి.

ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే ప్రయత్నాలు అంతకు పదేళ్ల ముందు నుంచే ఉన్నాయి. 1999లో వచ్చిన నాప్‌స్టర్‌లో జనం తమ కంప్యూటర్లలోని పాటలు ఒకరికొకరు ఇచ్చుకునేవారు. రికార్డు కంపెనీలు కోర్టుకెక్కి 2001 జూలైకల్లా దాన్ని ఆపించాయి. ఎంపీ3.కామ్ సంగతి ఇంకా విచిత్రం. మీ దగ్గరున్న సీడీని ఒకసారి కంప్యూటర్లో పెట్టి చూపిస్తే, ఆ పాటలను ఎక్కడినుంచైనా ఆన్‌లైన్‌లో వినొచ్చని 2000 జనవరిలో ఆ కంపెనీ ప్రకటించింది. డబ్బు పెట్టి కొనుక్కున్నవాడికే అది పనికొచ్చేది. అయినా న్యాయస్థానం తప్పు పట్టింది, ఒక్క యూనివర్సల్ కంపెనీకే 5 కోట్ల 34 లక్షల డాలర్లు చెల్లించుకోవలసి వచ్చింది. తర్వాత రికార్డు కంపెనీలే సొంతంగా రంగంలోకి దిగాయి. 2001 చివర్లో సోనీ, యూనివర్సల్ కలిసి ప్రెస్‌ప్లే అని ఒకటి, మిగతా పెద్ద కంపెనీలు మ్యూజిక్‌నెట్ అని మరొకటి పెట్టాయి. దీంట్లో ఉన్న పాట దాంట్లో ఉండదు. నెలకు ఇన్నిసార్లే వినాలి, ఇన్నే దించుకోవాలి అనే లెక్కలు పైన. డబ్బు కట్టి అన్ని ఆంక్షలు కొనుక్కునే శ్రోత ఎక్కడుంటాడు? అవి నిలవలేదు. అదే నెలల్లో వచ్చిన రాప్సొడీ మాత్రం బుద్ధిగా అందరినీ ఒప్పించుకుంటూ పోయింది. 2002 జూలై నాటికి అయిదు పెద్ద కంపెనీల పాటలూ దాంట్లో ఉన్నాయి, నెలకు 10 డాలర్ల లోపే చందా, ఎన్ని పాటలైనా వినొచ్చు. అంటే స్పాటిఫై నెల చందా వ్యాపారం ఏమిటో, దాని ధర సహా, ఆరేళ్ల ముందే అమెరికాలో తయారుగా ఉంది. అయినా ప్రపంచం మారలేదు.

రాప్సొడీ ఉదాహరణ నా వాదనకే ఎదురు తిరుగుతుందని ఎవరైనా అనొచ్చు. లైసెన్సులే అసలు సంగతైతే లైసెన్సులన్నీ ఉన్న రాప్సొడీ ఎందుకు గెలవలేదు? ఈ ప్రశ్న న్యాయమైనదే. ఇక్కడే రెండు రకాల అనుమతులను విడదీసి చూడాలి. రాప్సొడీ తెచ్చుకున్నది డబ్బు కట్టినవాడికి వినిపించే అనుమతి. దొంగ డౌన్‌లోడ్‌కు అలవాటు పడ్డవాడికి అది మొదటి మెట్టు దగ్గరే పర్సు తీయమంటుంది. స్పాటిఫై పట్టుబట్టి సాధించింది, డబ్బు కట్టనివాడిని కూడా లోపలికి రానిచ్చి, అలవాటు చేసి, తర్వాత మెల్లగా చందాదారుగా మార్చుకునే అనుమతి. దొంగ బజారు ధర సున్నా. ఆ సున్నాతో పోటీపడే హక్కు 2008 వరకు అరుదుగానే దొరికింది. ఫ్రాన్స్‌లో డీజర్ దాని దగ్గరగా వచ్చింది. బ్లాగ్‌మ్యూజిక్ అనే పేరుతో అనుమతి లేకుండా మొదలై, మూతపడి, 2007 ఆగస్టులో అక్కడి రచయితల, స్వరకర్తల హక్కుల సంఘంతో ఒప్పందం చేసుకుని ఉచితంగా పాటలు వినిపించసాగింది. పెద్ద రికార్డు కంపెనీలు దారికి రావడానికి ఇంకొంత కాలం పట్టింది. ముందు అనుమతి లేకుండా నడిపి, తర్వాత అనుమతి తెచ్చుకోవడం ఈ వ్యాపారంలో ఆనవాయితీ. స్పాటిఫై కూడా ఆ ఆనవాయితీ తప్పలేదు.

ఇక స్వీడన్. ఆ దేశం 1990ల్లో చేసిన రెండు మూడు పనులు, సంగీతాన్ని మనసులో పెట్టుకుని చేసినవి కావు గానీ, ఈ కథకు పునాదులు వేశాయి. స్టాక్‌హోమ్ నగర పాలక సంస్థ 1994లో స్టోకాబ్ అనే సొంత కంపెనీ పెట్టి ఊరంతా ఆప్టికల్ ఫైబర్ పరిచి, ఏ టెలికాం కంపెనీకైనా ఒకే తీరున అద్దెకివ్వడం మొదలుపెట్టింది. 1998లో ప్రభుత్వం తెచ్చిన పథకం కింద ఉద్యోగులు తమ సంస్థ ద్వారా పన్ను రాయితీతో ఇంటికి కంప్యూటర్ తెచ్చుకోవచ్చు. లక్షల కుటుంబాలు తెచ్చుకున్నాయి. 2000 ప్రాంతంలో అక్కడి అపార్ట్‌మెంట్లకు సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో కనెక్షన్లు వస్తున్నాయి. పోలిక కోసం చెప్పుకుంటే, మన దేశపు 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కిలోబిట్లు వస్తే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చంది. దాదాపు నలభై రెట్ల తేడా. అంత వేగం ఇళ్లలోకి వచ్చాక పదహారేళ్ల పిల్లలు దాంతో ఏం చేస్తారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. 2003లో పైరేట్ బ్యూరో అనే బృందం అక్కడ పుట్టింది, అదే ఏడు దాని నుంచి దొంగ కాపీలు పంచుకునే వెబ్‌సైటు ది పైరేట్ బే వచ్చింది. కాపీ చేసుకోవడం తప్పు కాదని బాహాటంగా వాదించే రాజకీయం అక్కడ తయారైంది. 2006 జనవరి 1న పైరేట్ పార్టీ పేరుతో ఏకంగా ఒక రాజకీయ పార్టీ వెలిసింది. అదే ఏడాది మే 31న పోలీసులు పైరేట్ బే సర్వర్లను ఎత్తుకెళితే, మూడు రోజుల్లో అది తిరిగి లేచి కూర్చుంది. ఇక స్వీడన్‌లో రికార్డుల అమ్మకాలు 2000ల తొలి ఏళ్లతో పోల్చితే 2008 నాటికి దాదాపు సగానికి పడిపోయాయి. అక్కడి రికార్డు కంపెనీల ఆఫీసుల్లో ఆ ఏళ్లలో జరిగిన ప్రధానమైన పని ఉద్యోగులను ఇంటికి పంపడం.

డేనియల్ ఎక్, మార్టిన్ లోరెంట్సన్ 2006లో స్పాటిఫై స్థాపించింది ఈ వాతావరణంలోనే. ఎక్ స్టాక్‌హోమ్ శివారు రోగ్స్వెద్ కుర్రాడు, అప్పటికి ఇరవై మూడేళ్లు. లోరెంట్సన్ ట్రేడ్‌డబ్లర్ అనే ప్రకటనల కంపెనీ స్థాపకుల్లో ఒకడు. ఆ కంపెనీ ఎక్ నడిపే చిన్న సంస్థను కొన్నప్పుడు ఇద్దరికీ స్నేహం కుదిరింది. సంగీత వ్యాపారంలోంచి వచ్చినవాళ్లు ఎవరూ లేరు. ఎక్ కొంతకాలం మ్యూటోరెంట్ అనే డౌన్‌లోడ్ ప్రోగ్రాం కంపెనీకి పెద్దగా ఉన్నాడు. ఆ ప్రోగ్రాంను ఒంటిచేత్తో రాసిన లుడ్విగ్ స్ట్రిగెయుస్ స్పాటిఫైలో చేరిపోయాడు. దొంగ డౌన్‌లోడ్ల లోకం తన పనిముట్లలో అత్యుత్తమమైనదాన్నీ దాన్ని చేసిన పనివాణ్నీ కలిపి కొత్త కంపెనీకి అప్పగించిందన్నమాట. అంతేకాదు, సన్నిహితులకు మాత్రమే ఇచ్చిన తొలి ప్రయోగ రూపంలో వినిపించిన పాటలు చాలావరకు ఇంజనీర్ల సొంత కంప్యూటర్లలోని ఫైళ్లే. పైరేట్ బ్యూరో స్థాపకుల్లో ఒకరైన రాస్ముస్ ఫ్లైషర్ తర్వాతి కాలంలో పరిశోధకుడై, మరికొందరితో కలిసి స్పాటిఫై మీద రాసిన పుస్తకం 2019లో వచ్చింది. తన బృందం పైరేట్ బేలో తప్ప ఇంకెక్కడా ఇవ్వని పాటలు ఆ తొలి రూపంలో వినిపించాయని ఆయన గుర్తించారు. కంపెనీ ప్రారంభ చరిత్రలో ఈ ముక్కను ఎవరూ పెద్దక్షరాలతో రాయరు.

సాంకేతికత విలువను తగ్గించి చెబుతున్నానన్న ఆక్షేపణకు ఇక్కడ జవాబు చెప్పాలి. ఆ ప్రోగ్రాం పనితనం నిజంగా చూడదగ్గది. పాట పేరు మీద నొక్కగానే, ఆ కంప్యూటర్ ముందు తన డిస్కులో ఆ పాట ఇంతకుముందు విన్నది దాచి ఉందేమో చూసుకునేది. లేకపోతే, అప్పటికే తెరిచి ఉంచుకున్న లింకు మీద కంపెనీ సర్వరు నుంచి సుమారు తొలి 15 సెకన్ల పాటను లాక్కునేది. ఆ 15 సెకన్లు మోగుతుండగా మిగతా పాట ఎవరి దగ్గరుందో తోటి శ్రోతల కంప్యూటర్లలో వెతికి, ముక్కలు ముక్కలుగా అక్కడినుంచి తెచ్చుకునేది. పాట ముగియడానికి ఇంకా అర నిమిషం ఉందనగానే తర్వాతి పాటకు వెతుకులాట మొదలు. 2010లో ఆ కంపెనీ పరిశోధకులు ప్రచురించిన లెక్కల ప్రకారం సర్వర్లు పంపింది మొత్తంలో 8.8 శాతం మాత్రమే. 35.8 శాతం తోటి శ్రోతల నుంచి, మిగిలిన 55.4 శాతం శ్రోత సొంత డిస్కు నుంచే వచ్చింది. నొక్కినప్పటి నుంచి పాట మొదలయ్యేవరకు పట్టే కాలం, మధ్యస్థంగా చూస్తే, 265 మిల్లీసెకన్లు, అంటే పావు సెకను. తన దగ్గరే ఉన్న ఫైలును తెరిచినట్టే అనిపిస్తుంది. పైరేట్ బేలో పాట దించుకోవడానికి కనీసం కొన్ని నిమిషాలు ఆగాలి కాబట్టి ధరలో సమానమై, వేగంలో పైచేయి అయిందీ సేవ. ఇదంతా ఒప్పుకోవలసిందే. కానీ ఇదే ప్రోగ్రాం 2007 నుంచే పనిచేస్తోంది. అది సిద్ధమయ్యాక కూడా కంపెనీ మొదలవడానికి ఏడాదికి పైగా ఆగవలసి వచ్చింది. ఆగింది ఇంజనీర్ల కోసం కాదు, వకీళ్ల కోసం. పైగా ప్రపంచమంతటికీ ఒకేసారి లైసెన్సు తెచ్చుకోవాలని మొదలుపెట్టినవాళ్లు చివరికి యూరప్‌లోని కొన్ని దేశాలతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

రికార్డు కంపెనీలు ఎందుకు ఒప్పుకున్నాయి? సాయంత్రం సంత ముగిసే వేళకు మిగిలిపోయిన కూరగాయలను అయినకాడికి ఇచ్చేసే వర్తకుడిని తలుచుకుంటే చాలు. స్వీడన్ చిన్న దేశం, అప్పటికి కోటి లోపు జనాభా. అక్కడి అమ్మకాలు ఎలాగూ పోయాయి. ఉచితంగా వినిపించి చెడిపోవడానికి మిగిలిందేమీ లేదు. గెలిస్తే లాభం, ఓడితే న్యూయార్క్, లండన్ లెక్కల్లో కనబడనంత నష్టం. స్థానికంగా యూనివర్సల్ స్వీడన్ శాఖను నడిపిన పేర్ సుందిన్ లాంటివాళ్లు ఈ ప్రయోగానికి గట్టిగా మద్దతిచ్చింది ఈ లెక్కతోనే. అయినా ఊరికే ఇవ్వలేదు. ముందస్తుగా హామీ సొమ్ము తీసుకున్నారు. దానితోపాటు కంపెనీలో వాటా తీసుకున్నారు. స్వీడిష్ పత్రికలు 2009లో బయటపెట్టిన వివరాల ప్రకారం నాలుగు పెద్ద రికార్డు కంపెనీలకూ, చిన్న కంపెనీల తరఫున బేరమాడే మెర్లిన్‌కూ కలిపి దాదాపు 18 శాతం వాటా నామమాత్రపు ధరకు దక్కింది. దొంగతనాన్ని ఓడించలేనివాళ్లు, దొంగల పనిముట్లతో తయారైన అంగట్లో భాగస్వాములయ్యారు. 2018 ఏప్రిల్‌లో స్పాటిఫై న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి వెళ్లాక ఆ నాలుగింట్లో ఒకటైన వార్నర్ తన వాటా మొత్తం అమ్మితే 50 కోట్ల డాలర్ల పైచిలుకు వచ్చింది. అయినకాడికి ఇచ్చిన సరుకుకు ఆ పాటి ధర సంతల చరిత్రలో అరుదు.

బ్రిటన్ మాత్రం ఈ వాదనకు కొంచెం అడ్డుతగులుతుంది. అది చిన్న బజారు కాదు, స్వీడన్‌లాగా కూలిపోయిందీ కాదు, అయినా తొలి ఆరు దేశాల్లో ఉంది. దీనికి పూర్తి సమాధానం నా దగ్గర ఉందని చెప్పను గానీ, అక్కడ ఉచితం ఎంత జాగ్రత్తగా నడిచిందో చూడాలి. మొదట ఆహ్వానం ఉన్నవాళ్లకే ప్రవేశం. 2009 ఫిబ్రవరిలో తలుపు బార్లా తెరిచి, అదే ఏడు సెప్టెంబరులో ఫోన్ యాప్ వచ్చాక జనం ఎగబడేసరికి మళ్లీ ఆహ్వానం పద్ధతికే వెళ్లారు. ఫోన్‌లో వినాలంటే అప్పట్లో చందా కట్టి తీరాల్సిందే. పెద్ద బజారులో అనుమతి ఇచ్చారు నిజమే, పలుపు మాత్రం చేతిలోనే ఉంచుకున్నారు.

మరో ఆక్షేపణ న్యాయశాస్త్రం వైపు నుంచి వస్తుంది. స్వీడన్‌లో 2009 ఏప్రిల్ 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. దొంగ కాపీలు పంచేవాళ్ల ఆచూకీ ఇంటర్నెట్ కంపెనీల నుంచి కోర్టు ద్వారా రాబట్టే వీలు హక్కుదారులకు దాంతో కలిగింది. మర్నాటికే దేశంలో ఇంటర్నెట్ రాకపోకలు దాదాపు మూడో వంతు తగ్గాయి. అదే నెల 17న పైరేట్ బే కేసులో నలుగురికి ఏడాది జైలు, 3 కోట్ల క్రోనర్ల పరిహారం విధిస్తూ తీర్పు వచ్చింది. జనం స్పాటిఫైకి మళ్లింది భయంతోనే తప్ప ఇష్టంతో కాదని, గెలిచింది చట్టమేనని ఈ వాదన సారాంశం. కాలక్రమం దీనికి అనుకూలంగా కనబడుతుంది కూడా. కానీ తగ్గిన రాకపోకలు ఎంతో కాలం తగ్గి ఉండలేదు. జూన్‌లో జరిగిన యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో పైరేట్ పార్టీకి స్వీడన్‌లో 7.1 శాతం ఓట్లు పడ్డాయి, ఒక సీటు వచ్చింది. భయపడ్డ జనం వేసే ఓట్లు ఇలా ఉండవు. అమెరికాలోనైతే రికార్డు కంపెనీల సంఘం 2003 నుంచి 2008 వరకు సుమారు 35 వేల మంది మామూలు శ్రోతల మీద చర్యలకు దిగింది. అంత భయం పెట్టినా అక్కడ ఎవరూ రాప్సొడీకి పరుగెత్తలేదు. బెదిరింపుతో ఒక తలుపు మూయొచ్చు, పక్కన అంతే సులువైన ఇంకో తలుపు తెరిచి ఉంటే తప్ప మనిషి అటు వెళ్లడు. స్వీడన్‌లో చట్టం వచ్చేసరికి ఆ తలుపు ఆరు నెలల ముందే తెరిచి ఉంది.

అమెరికా కథ ఈ వాదనకు గట్టి సాక్ష్యం. స్పాటిఫై అక్కడ మొదలైంది 2011 జూలై 14న, స్వీడన్ తర్వాత రెండేళ్ల తొమ్మిది నెలలకు. ప్రోగ్రాం అదే, మనుషులు వాళ్లే, లేనిది సంతకం ఒక్కటే. 2008లో అమెరికా రికార్డు కంపెనీలకు ఇంకా ఆశ ఉంది. సీడీలు తగ్గినా అమ్ముడవుతున్నాయి, ఆపిల్ వారి ఐట్యూన్స్‌లో 2003 నుంచి పాటకు 99 సెంట్ల చొప్పున డబ్బు వస్తోంది. వస్తున్న డబ్బు పక్కన ఉచితం పెడితే ఉన్నదీ పోతుందన్న భయం సహజం. 1999లో 1,460 కోట్ల డాలర్లున్న అక్కడి రికార్డు సంగీత ఆదాయం 2010 నాటికి సగం కన్నా తక్కువకు జారింది. ఆ మరుసటి ఏడే సంతకాలు పడ్డాయి. స్వీడన్ ఆదాయం సగమైన ఏడాది అనుమతి వచ్చింది, అమెరికా ఆదాయం సగం దాటి పడ్డాక అనుమతి వచ్చింది. రెండు ఉదాహరణలతో సూత్రం కట్టలేం గానీ కొట్టిపారేయదగ్గ పోలిక కూడా కాదు. ఆ అమెరికా అనుమతి ఖరీదేమిటో 2015లో బయటికి పొక్కిన సోనీ ఒప్పందంలో ఉంది. మూడేళ్లకు 4 కోట్ల 25 లక్షల డాలర్ల ముందస్తు సొమ్ము, ఒక్క సోనీకే. ఇంకో సంగతి. అమెరికాలో మొదలుపెట్టడానికి రెండు నెలల ముందు, 2011 మేలో, యూరప్‌లోని ఉచిత శ్రోతలకు నెలకు 10 గంటలే వినాలని, ఒక్కో పాట అయిదుసార్లకు మించి వినరాదని స్పాటిఫై పరిమితి పెట్టింది. శ్రోతలు కుదురుకున్న చోట ఉచితం కుదించడం అప్పుడే మొదలైంది. తర్వాత ఆ పరిమితులు సడలినా ఉచితం ఎంత అన్నది ప్రతి ఒప్పందంలోనూ బేరమైన అంశమే.

కళాకారుల వాటా గురించి వచ్చే విమర్శ వేరే రకం. ఈ బేరంలో గాయకులకు, రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు ఒరిగిందేమిటని అడిగేవాళ్లు అడగడంలో తప్పు లేదు. వాటాలు పుచ్చుకున్నవి రికార్డు కంపెనీలు, ముందస్తు సొమ్ము అందుకున్నవీ అవే. దాంట్లోంచి కళాకారుడి చేతికి ఎంత చేరుతుందన్నది అతను తన కంపెనీతో ఎప్పుడో చేసుకున్న పాత ఒప్పందం నిర్ణయిస్తుంది. ఈ విమర్శ నా వాదనను దెబ్బతీయదు, బలపరుస్తుంది. 2014 నవంబరులో టేలర్ స్విఫ్ట్ తన పాటలన్నీ స్పాటిఫై నుంచి తీసేయించింది. గొడవ ప్రధానంగా ఉచిత శ్రోతల గురించే. చందాదారులకు మాత్రమే వినిపించమని ఆమె తరఫువాళ్లు అడిగారు, కంపెనీ ఒప్పుకోలేదు. ప్రపంచంలో చాలా ఎక్కువమంది వినే గాయనిని వదులుకోవడానికి సిద్ధపడింది గానీ ఉచితాన్ని వదులుకోలేదు. వ్యాపారమంతా దాని మీదే నిలబడిందని కంపెనీకి తెలుసు. దాదాపు రెండున్నరేళ్ల తర్వాత, 2017 ఏప్రిల్‌లో, కొత్త ఆల్బమ్‌లను రెండు వారాలపాటు చందాదారులకే ఇవ్వొచ్చని యూనివర్సల్‌తో ఒప్పందం చేసుకుంది. జూన్‌లో స్విఫ్ట్ పాటలు తిరిగొచ్చాయి. అప్పటికి పరిశ్రమ ఆదాయం మళ్లీ పెరుగుతోంది. పెరిగినకొద్దీ రికార్డు కంపెనీల గొంతూ పెరిగింది.

మన దేశానికి వచ్చేసరికి ఈ నాటకం మరో రంగంలో నడిచింది. ఇక్కడ పాట ధర సున్నాకు చేరడానికి ఫైబర్ కూడా అక్కర్లేకపోయింది. ఒక సీడీలో వంద పైగా సినిమా పాటలు కూరి ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్లు, తర్వాత ఊరూరా సెల్ రీచార్జి షాపుల్లో మెమరీ కార్డులోకి పాటలు ఎక్కించి పదో ఇరవయ్యో తీసుకునేవాళ్లు, ఆ పని పూర్తి చేశారు. కాపీ ఎక్కించే కుర్రాడికి ఇచ్చే డబ్బు పాటకు కాదు, అతని శ్రమకు. ఆన్‌లైన్ సేవలు సావన్, 2010లో గానా, 2014లో ఎయిర్‌టెల్ వారి వింక్ ఉచితంగానే వచ్చాయి. 2016లో జియో డేటానే దాదాపు ఉచితం చేసేసింది. రికార్డు కంపెనీలకు అప్పటివరకు కాలర్ ట్యూన్ల మీద వచ్చిన డబ్బు తప్ప ఫోన్‌లో పాట వినేవాడి నుంచి నేరుగా వచ్చేది తక్కువ. 2019 ఫిబ్రవరి చివర్లో స్పాటిఫై ఇక్కడికి వచ్చినప్పుడు నెల చందా 119 రూపాయలు, ఒక్క రోజుకైతే 13 రూపాయలు పెట్టింది. మిగతా దేశాల్లో ఉచితంగా ఫోన్‌లో వినేవాళ్లు అప్పట్లో ఎక్కువగా పాటలు కలగాపులగంగా వచ్చినట్టే వినాల్సి వచ్చేది. ఇక్కడ మాత్రం ఉచిత శ్రోత కూడా కోరుకున్న పాటను కోరుకున్నట్టు వినగలిగేవాడు. పోయిన బజారులో ఉచితం ఎంత ఉదారంగా ఉంటుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

సంతకాలు మాత్రం ఇక్కడా సులువుగా రాలేదు. స్పాటిఫై మొదలవడానికి ముందు రోజే వార్నర్‌కు చెందిన వార్నర్ చాపెల్ బొంబాయి హైకోర్టుకెళ్లింది. 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 31డి సెక్షన్ ప్రకారం ప్రసారకర్తలు హక్కుదారు ఒప్పుకోకపోయినా నిర్ణీత రుసుము కట్టి పాటలు వాడుకోవచ్చు. ఆ సెక్షన్ తమకూ వర్తిస్తుందని స్పాటిఫై వాదించింది. సంతకం లేకుండానే అనుమతి దొరికే దారి ఉందని గట్టిగా నమ్మిన సందర్భం ఇది. ఆ ఏడాది ఏప్రిల్‌లో రికార్డు కంపెనీ టిప్స్‌కూ, వింక్‌కూ మధ్య నడిచిన వేరే కేసులో జస్టిస్ కథావాలా ఆ సెక్షన్ రేడియోకు, టీవీకే తప్ప ఇంటర్నెట్ సేవలకు వర్తించదని తీర్పిచ్చారు. దారి మూసుకుపోయింది. వార్నర్‌తో 2020 జనవరిలో రాజీ కుదిరింది. తెలుగు శ్రోతకు నేరుగా తగిలింది సరేగామా తగాదా. పాత హెచ్ఎంవీ రికార్డుల వారసత్వం ఆ కంపెనీది. ఘంటసాల, సుశీల, లీల పాడిన పాటల్లో చాలా భాగం దాని చేతిలోనే ఉంది. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లిన వివాదంతో స్పాటిఫై ఆ పాటలన్నీ తీసేసింది. 2020 మేలో ఒప్పందం కుదిరేదాకా అవి అక్కడ లేవు. ఆ పాటలు రాసిన, స్వరపరిచిన వాళ్ల మాటేమిటంటే, 1977లో సుప్రీంకోర్టు సినిమా పాట మీద హక్కు నిర్మాతదేనని చెప్పింది. రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీలో వదులుకోవడానికి వీల్లేని వాటా ఉంటుందని చట్టం చెప్పడానికి 2012 దాకా పట్టింది. ఈ బేరాలు జరిగిన బల్లల దగ్గర పాత పాటల కవులెవరికీ కుర్చీ వేసి ఉండలేదు.

ఉదారత ఎంతకాలం నిలిచిందో కూడా చెప్పుకోవాలి. 2022లో గానా ఉచితం ఎత్తేసి చందాకే పరిమితమైంది. 2023 అక్టోబరులో స్పాటిఫై మన దేశంలోని ఉచిత శ్రోతలకు పాటలను ఇష్టమొచ్చిన వరుసలో వినే, వెనక్కి తిప్పుకునే వెసులుబాటును తీసేసింది. 2024 ఆగస్టులో వింక్‌ను మూసేస్తున్నట్టు ఎయిర్‌టెల్ ప్రకటించింది. మెమరీ కార్డులు ఎక్కించే షాపులు అప్పటికే మాయమయ్యాయి. పాట ఉచితంగా దొరికే పాత దారి మూతపడ్డాక, ఉచితానికి ఇచ్చిన అనుమతిని కుదించడానికి ఎవరూ ఆలస్యం చేయలేదు. 2011 మేలో యూరప్ శ్రోతలకు జరిగిందే పన్నెండేళ్ల తర్వాత ఇక్కడి శ్రోతలకు జరిగింది.